బావ పెట్టిన నిఘా

"లోకంలో నేరస్తులు లక్షల్లో ఉన్నారు, నా మెదడు ఒక్కటే ఉంది. పాపం, వాళ్ళ బలం చాలదు" అన్నాడు బావ, నా కీబోర్డు మీది బిస్కెట్ ముక్కను భూతద్దంలో చూస్తూ.

బావ అంటే మా అక్క మొగుడు. మా చెప్పుల కంపెనీలోనే స్టోర్స్ గుమాస్తా. అది పైకి మాత్రమేననీ, అసలు తను అపరాధ పరిశోధకుడిననీ అంటాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇక్కడ నెట్‌వర్క్ చూసుకుంటాను. గంటకోసారి నెట్ వేగం కొలిచే పరీక్ష పెట్టాను. వేగం పడిపోతే మేనేజరు ఫోనుకి హెచ్చరిక వెళ్తుంది. సోమవారం నుంచి గంట గంటకీ వెళ్తూనే ఉంది.

"సాయంత్రంలోగా సంగతి తేల్చకపోతే నిన్ను పర్మనెంట్ చెయ్యను" అన్నాడు మేనేజరు పొద్దున.

"ఎవడో మన రహస్యాలు దోచేస్తున్నాడు" అన్నాడు బావ.

"చెప్పుల కంపెనీలో రహస్యాలేంటి బావా?"

"చూశావా, నీక్కూడా అనుమానం రాలేదు. వాడికి కావలసిందీ అదే బామ్మర్దీ."

క్యాషియర్ని ప్రశ్నించాడు. ఆయన నిద్రలోనే జవాబిచ్చాడు. మధ్యాహ్నం బావ దొంగ కోసం తన బల్ల కిందే మాటు వేశాడు.

"కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి బావా."

"అవి ఎర."

ఎర కాసేపటికి గురక పెట్టింది. అటుగా వచ్చిన మేనేజరు దగ్గాడు. బావ అదిరిపడి లేచాడు, బల్లకి తల కొట్టుకున్నాడు, కాలికి చుట్టుకున్న వైరు లాగేశాడు. కంప్యూటర్ ఆరిపోయింది.

తర్వాతి గంటకి హెచ్చరిక రాలేదు. ఆ పై గంటకీ రాలేదు.

అనుమానమొచ్చి బావ కంప్యూటర్ ఆన్ చేశాను. నా పరీక్షే అందులోనూ ఉంది, ఆన్ కాగానే తనంతట తనే మొదలై ఊపిరి తీసుకోకుండా నడుస్తోంది.

"ఇదేంటి బావా?"

"నిఘా. నువ్వు పరీక్ష పెట్టావంటే ఎక్కడో నేరం ఉన్నట్టే. గంటకోసారి చూస్తే మధ్యలో దొంగ తప్పించుకోడూ? అందుకే నీ పరీక్షని కాపీ చేసుకుని సోమవారం నుంచి ఆపకుండా కొలుస్తున్నా."

"కొలిచిన ప్రతిసారీ పెద్ద ఫైలు దిగుతుంది బావా. నువ్వు దింపుతూనే ఉంటే ఆఫీసుకి నెట్ మిగులుతుందా?"

బావ గడ్డం నిమురుకున్నాడు. "అంటే వాడు నా కుర్చీలో కూర్చునే పని కానిచ్చాడన్నమాట. ఎంత తెగువ."

పరీక్ష ఆపేసి మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆయన నా పర్మనెంట్ కాగితం మీద సంతకం పెడుతూ "ఇంతకీ ఎక్కడుంది లోపం?" అన్నాడు.

అక్క మొహం గుర్తొచ్చింది.

"స్టోర్స్‌లో ఒక వైరండీ. ఊడింది, సరిపోయింది."

గుమ్మం పక్కన భూతద్దం మెరిసింది.

"సాక్షి ఏదో దాస్తున్నాడు" అని గొణుక్కుంటున్నాడు బావ.