కోమల పంచిన మసిబట్టలు

నలుగురు ఒకచోట నిలబడి తనను చూసి నవ్వుతారేమోనన్నదే కోమలకు అన్నిటికన్నా పెద్ద భయం. పిల్లవాడికి జ్వరం వస్తుందేమోనన్నది దాని తర్వాతిది. ఇంటర్ సగంలో ఆపి పెళ్లి చేసినప్పటి నుంచి, చదువుకున్నవాళ్లు ఉన్నచోట ఆమె నోరు విప్పదు. మాట్లాడితే తప్పు దొరుకుతుంది. మాట్లాడకపోతే బుద్ధిమంతురాలంటారు.

ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. అత్త బుచ్చవ్వకు జొన్నరొట్టె చేయాలి, పిల్లవాడికి పాలు పట్టాలి, వాడు పడుకుంటే బట్టలు ఉతకాలి. వాడి పుట్టువెంట్రుకలు తీసిన ఫంక్షన్ ముగిసి వారమైంది. దానికోసం మస్కట్ నుంచి వచ్చిన భర్త గోపాల్ మొన్ననే తిరిగి వెళ్లిపోయాడు. ఇల్లు నెమ్మదించింది. రొట్టె కాల్చి, పెనం దించడానికి గోడకు వేలాడుతున్న కొత్త మసిబట్ట అందుకుంది.

పెనం దిగింది కానీ మసిబట్ట దాన్ని వదల్లేదు. గులాబీ రంగు ఊలు ఇనుముకు అతుక్కుని, లాగితే జిగురులా సాగింది. కాలిన ప్లాస్టిక్ వాసన వంటింట్లో నిండింది. కోమల వేలిని నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాలిన వేలు గుర్తుకు రాలేదు. ఫంక్షన్ రోజు బొట్టు పెట్టి, వాడకట్టులో ఇంటికొకటి చొప్పున తాను పంచిన మసిబట్టలు గుర్తుకొచ్చాయి.

వాటిని ఆమే క్రోషియా సూదితో అల్లింది. ఫోన్‌లో వీడియో చూసి, సీతాఫలం తొక్కలా వరసగా బుడిపెలు లేచేలా, మందంగా, చతురస్రంగా. వీడియోలోని ఆవిడ పత్తి దారమే వాడమని చెప్పింది. కోమలకు ఆ మాట నచ్చలేదు. జమ్మికుంటలో, పత్తి యార్డు వెనక వాడకట్టులో, గాలి వీస్తే పత్తి ముక్కులోకి వస్తుంది. అలాంటి చోట పత్తి దారంతో చేసినదాన్ని చేతిలో పెడితే ఎవరు మెచ్చుకుంటారు? అందుకే పిల్లవాడికి టీకా వేయించడానికి కరీంనగర్ వెళ్లినప్పుడు మెరిసే ఊలు ఉండలు తెచ్చింది. ఆ మెరుపు ప్లాస్టిక్‌దని ఈ ఉదయం పెనం చెప్పింది.

"మసిబట్టకు బొట్టు వెట్టి ఇస్తరానే ఎవరన్న? స్టీలు డబ్బ ఇస్తె కాదా?" అని ఫంక్షన్ రోజు బుచ్చవ్వ గొణిగింది. కానీ వచ్చినవాళ్లు వాటిని చూసి మురిసిపోయారు. డిగ్రీ చదివిన జ్యోతిరాణి అయితే అందరి ముందూ అన్నది. "ఎంత సక్కగున్నయే కోమలా! నాకైతే సచ్చినా రాదు గిట్ల." వారం నుంచి కోమల ఆ ఒక్క మాట మీదే బతుకుతోంది.

ఇప్పుడు నిజం చెబితే ఆ మాట పోతుంది. ఊలుకూ ప్లాస్టిక్‌కూ తేడా తెలియనిదని నవ్వుతారు. చెప్పకపోతే ఎవరిదో చెయ్యి కాలుతుంది. కోమల ఇంకో దారి వెతుక్కుంది. ఏదో ఒక సాకు చెప్పి, అన్నీ వెనక్కి తీసుకోవాలి.

ముందు పక్కింటి సరోజన దగ్గరకు వెళ్లింది. గులాబీ రంగు మసిబట్ట టీవీ మీద పరిచి ఉంది.

"అక్కా, గా మసిబట్ట జర ఇస్తవా? బుడిపెలల్ల చిన్న తప్పు పడ్డది. సరిజేసి తెస్త."

సరోజన దాన్ని తీసి గుండెకు హత్తుకుంది. "బొట్టు వెట్టి ఇచ్చింది వాపస్ అడుగుతరానే? ఇచ్చినోళ్లకు మంచిది గాదు, తీస్కున్నోళ్లకు మంచిది గాదు. ఏం తప్పు పడ్డది? నాకైతె ఏం కనవడ్తలే."

ఇది వేరే రకం ఊలేమోనన్న చిన్న ఆశతో కోమల చేయి చాపి ఒక బుడిపెను నలిపి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. సరోజన కళ్లు చిన్నవయ్యాయి.

"లోపట ఏమన్న ఉన్నదానే?"

"ఏం లేదక్కా! లోపట ఏం లేదు. ఒట్టు, ఏం లేదు!"

ఏమీ లేనిదానికి ఎవరూ ఒట్టు పెట్టుకోరని సరోజన నమ్మకం.

రెండో ఇల్లు జ్యోతిరాణిది. గడప దగ్గర నుంచే దేవుని గూడు కనిపిస్తుంది. అందులో ఆకుపచ్చ మసిబట్ట, దాని మీద ఇత్తడి కుంది, కుందిలో దీపం. ఒత్తి వంగి, మంట బట్ట వైపు వాలుతోంది. కోమల చెప్పులు కూడా విడవకుండా లోపలికి ఉరికి, దీపాన్ని ఉఫ్‌మని ఊదేసింది.

జ్యోతిరాణి చేతిలోని పూలగిన్నె కింద పడింది. "ఏం పనే గిది! వెలిగే దీపం ఊదుతవా? మా ఆయన బండి మీద తొవ్వల ఉన్నడు!"

"తప్పయింది వదినె. గా బట్ట ఒక్కటి ఇయ్యి, పోత."

"దీపం కన్న బట్ట ఎక్కువైందా నీకు? ముందు చెప్పులు బయట విడువు!"

కోమల ఏడుపు ఆపుకుంటూ బయటపడింది. దారిలో ఎవరి ముఖమూ చూడలేకపోయింది. ఆమె అటు పోగానే జ్యోతిరాణి గోడ దగ్గరకు వచ్చింది. సరోజన అప్పటికే గోడకు అవతల ఉంది.

"నా దగ్గర బుడిపె పిసికి చూసింది."

"నా దగ్గరైతె దీపమే ఆర్పింది అక్కా. ఏమన్న ఉంటె వేడి తాకద్దనే గద?"

"గోపాల్ మొన్ననే మస్కట్ నుంచి వచ్చి పోయిండు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మాట కిరాణా కొట్టు చేరేసరికి ఒక బుడిపెలో ఒక బంగారు గుండు ఉంది. నల్లా దగ్గరకు వచ్చేసరికి ప్రతి బుడిపెలో ఒకటి. మధ్యాహ్నం బుచ్చవ్వ చెవిన పడేసరికి, దాచినదాన్ని కోడలు పొరపాటున ఊరికి పంచి, ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఏరుకుంటోంది.

"నా కొడుకు ఎండల ఎండి సంపాయించింది వాడకట్టుకు పంచినవానే?" అంటూ బుచ్చవ్వ ఇంట్లోకి వచ్చింది.

"ఏం పంచిన అత్తమ్మా?"

"నాకు తెల్వకుంట మొగడు పెండ్లాలు బంగారం దాస్తరా?" అని వెంటనే మస్కట్‌కు ఫోన్ చేసింది.

"ఏ బంగారం అవ్వా?" అన్నాడు గోపాల్.

"చూడు, వాడు గుడ తెల్వనట్టే మాట్లాడుతుండు!" అని బుచ్చవ్వ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి ఎవరూ పిలవకుండానే వాడకట్టు ఆడవాళ్లంతా వాకిట్లో చేరారు. ఇన్నాళ్లూ కోమల భయపడింది సరిగ్గా ఇలాంటి గుంపుకే. పిల్లవాణ్ణి చంకనేసుకుని, తల వంచుకుని చెప్పింది. "బంగారం లేదు, ఏం లేదు. అది ప్లాస్టిక్ ఊలు. వేడికి కరుగుతది. నాకు తెల్వక అల్లిన."

సరోజన చప్పట్లు కొట్టింది. "చూసిండ్రా, ఎంత తెలివి! ప్లాస్టిక్ అంటె మనం పారేస్తమని!"

తనను తెలివైనదని ఒకరు అనడం కోమలకు అదే మొదలు. సంతోషపడే వీలు లేకపోయింది. పిల్లవాణ్ణి అత్త చేతికిచ్చి, స్టవ్ వాకిట్లోకి తెచ్చి, పెనం కాలబెట్టి, ఉదయం మిగిలిన ముక్కను దాని మీద వేసింది. ముక్క ముడుచుకుని, కరిగి, పొగ లేచింది. అందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"గిట్ల మీ చేతులు కాలుతయనే అడిగిన. నవ్వుతరని పొద్దుగాల చెప్పలే" అని కళ్లు మూసుకుంది.

నవ్వు రాలేదు. కళ్లు తెరిచి చూస్తే అందరూ తమ కాళ్ల వేళ్లు చూసుకుంటున్నారు.

"సరే, ఎవలయి వాళ్లు తెచ్చి గీ పొయ్యిల ఎయ్యుండ్రి" అన్నది బుచ్చవ్వ.

ఎవరూ కదల్లేదు.

"నాది ఎలుక కొరికింది" అన్నది జ్యోతిరాణి నెమ్మదిగా.

"మా ఇంట్ల గుడ ఎలుకనే" అన్నది సరోజన. ఆమె జాకెట్‌కు గులాబీ రంగు పోగు అంటుకుని ఉంది.

చూస్తే, ఆ మధ్యాహ్నం వాడకట్టులో ఎలుక దూరని ఇల్లు లేదు. బుచ్చవ్వ తన కొంగుకు వేలాడుతున్న పసుపు పచ్చ ఊలు ముక్కను పిడికిట్లోకి లాక్కుంది. అత్తకు ఇచ్చిన పసుపు పచ్చ మసిబట్ట ఏమైందని కోమల అడగలేదు. ఎందుకో ఆమెకే సిగ్గేసింది.

"శంకరవ్వ ఒక్కతే తెంపలే" అన్నది సరోజన కాసేపటికి. శంకరవ్వ వాడ చివర ఒంటరిగా ఉండే ముసలావిడ. "ఆటో ఎక్కుతుంటె బంగారం సంగతి చెప్పిన. ఉంటె ఉండనీ, పిల్ల కండ్లు పోయేటట్టు అల్లింది, నేనెట్ల తెంపుత అన్నది. నిర్మల్‌ల, కొయ్యబొమ్మలు చేసేటోళ్ల ఇండ్ల దిక్కు ఉన్న బిడ్డ ఇంటికి పోయింది. మసిబట్ట సంచిల వెట్టుకున్నది. అక్కడ పొద్దుమాపు దాంతోనే గిన్నెలు దించుతదట."

కోమల ఆ క్షణం నుంచి ఫోన్ చేస్తూనే ఉంది. శంకరవ్వ ఫోన్ మోగుతుంది, ఎవరూ ఎత్తరు. బిడ్డ నంబరు వాడలో ఎవరి దగ్గరా లేదు.

అందుకే, మీలో ఎవరైనా నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసేవాళ్ల ఇళ్ల వైపు వెళ్తే, జమ్మికుంట శంకరవ్వ ఎక్కడని అడిగి, ఒకసారి ఆమె చేతులు చూసి రండి. కూర్చోబెట్టి చాయ్ పెడతానంటుంది, కాదనకండి. గిన్నె మాత్రం మీరే దించండి.