ఆవిడ పేరిట ఒక గ్రహశకలం

పెళ్ళిరోజు పొద్దున్నే కాఫీ తనే కలిపి, కప్పు భార్య చేతికిస్తూ, ఈసారి తెచ్చిన కానుక సంగతి తాపీగా చెప్పాలని ఖగోళ శాస్త్రవేత్త పథకం వేసుకున్నాడు. కిందటేడు ఆయన ఈ రోజును పూర్తిగా మరిచిపోయాడు. అంతకు ముందేడు తారీఖు గుర్తుంచుకున్నాడు గానీ నెల తప్పింది. అందుకని ఈ ఏడు నగలూ బట్టలూ కాకుండా, ఏ మొగుడూ ఇవ్వలేనిది ఇవ్వాలనుకున్నాడు. ఆకాశంలో తాను కనిపెట్టిన ఒక గ్రహశకలానికి ఆవిడ పేరు పెట్టించాడు.

కనిపెట్టినవాళ్ళకు పేరు సూచించే హక్కు ఉంటుంది. సొంత పేరు మాత్రం పెట్టుకోకూడదు. భూమికి దగ్గరగా వచ్చే వాటికైతే పురాణాల్లోని పేర్లు పెట్టడం ఆనవాయితీ. ఆవిడ పేరు పురాణాల్లోదే కాబట్టి పేర్లు ఆమోదించే పెద్దలు అభ్యంతరం చెప్పలేదు. ఆ పేరేమిటో ఇక్కడ రాయడం లేదు. ఆ రోజు పేపర్లు రాసింది చాలు.

మీకూ నాకూ భూమికి దగ్గరగా వచ్చే రాయి అంటే గుండె దడ. ఆయన వృత్తిలో ఉన్నవాళ్ళకు అది మేలిముత్యం. ఎక్కడో దూరాన, ఎవరి జోలికీ రాకుండా తిరిగేవి లక్షల్లో ఉన్నాయి. వాటిని ఆయన కంకర కింద జమకట్టేవాడు. కట్టుకున్న భార్యకు కంకరరాయి ఇస్తామా అని ఆలోచించి, దొరికిన వాటిలో అన్నిటికంటే పెద్దదీ, భూమికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేదీ ఏరి మరీ పేరు పెట్టించాడు. పాపం, ప్రేమతోనే పెట్టించాడు.

పాలు పొంగుతుండగా ఫోను మోగింది. కంగారులో గిన్నెను ఉత్త చేత్తో పట్టుకుని, చెయ్యి కాల్చుకుని, రెండో చేత్తో ఫోనెత్తాడు. ఆవిడ అక్కగారు.

"మరిదిగారూ, మా చెల్లెలు మీకేం అపకారం చేసింది?"

"ఏమైంది వదినా?"

"పేపరు చూడలేదా? మొదటి పేజీలో ఇంతింత అక్షరాలతో దాని పేరు. పక్కనే 'భూమికి పొంచి ఉన్న ముప్పు' అని. బరువు కూడా వేశారు."

"అది రాయి బరువు వదినా."

"కోట్ల టన్నులట. అంత బరువున్న దానికి పెట్టడానికి మీకు నా చెల్లెలి పేరే దొరికిందా?"

శాస్త్రవేత్త ఫోను పెట్టేసి, పేపరు దాచేద్దామని ముందుగదిలోకి పరుగెత్తాడు. అప్పటికే ఆవిడ కుర్చీలో కూర్చుని చదువుతోంది. అరిచినా బాగుండేది. నెమ్మదిగా, ఒక్కో వాక్యం పైకి చదివింది.

"'వంకరటింకర ఆకారం.'"

"రాయికి సంబంధించిన మాట అది."

"'ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఇప్పుడే చెప్పలేం.'"

"ఇంకా లెక్కలు తేలలేదు మరి."

"'ఎంత దూరంలో ఉంటే మనకంత క్షేమం అని శాస్త్రవేత్త నవ్వుతూ చెప్పారు.' నవ్వారా?"

"ఫొటో తీస్తున్నారు, అందుకని నవ్వాను."

ఆవిడ పేపరు మడిచి పక్కన పెట్టింది. "ఇవాళ మధ్యాహ్నం బడి కమిటీ కూర్చుంటుందని మీకు తెలుసు. ఈ ఒక్క పూటా నా పేరు ఎవరి నోటా పడకుండా ఉంటే చాలనుకున్నాను," అంది.

ఆవిడ ఒక బడికి తాత్కాలిక ప్రధానోపాధ్యాయురాలు. ఉద్యోగం ఖాయం చెయ్యాలా, పాత పంతులమ్మగా తరగతికి తిప్పి పంపాలా అన్నది ఆ మధ్యాహ్నమే తేలుతుంది. ఆవిడ పని చేతకాని మనిషని శత్రువులు కూడా అనలేరు. మెతక అని మాత్రం అందరూ అంటారు. గంట కొట్టాక టీచర్లు నింపాదిగా టీ తాగి లేస్తారు. పిల్లలు ఆవిడ ఎదురుగానే వరండాలో పరుగుపందెం పెట్టుకుంటారు. గట్టిగా కసురుకోవడం నేర్చుకుందామని వారం రోజులుగా అద్దం ముందు సాధన చేస్తోంది గానీ, ప్రతిసారీ తనకే నవ్వొచ్చి ఆపేస్తోంది.

ఆవిడ బడికి వెళ్ళగానే శాస్త్రవేత్త ఆఫీసుకు ఫోన్ చేశాడు. "ఆకాశానికి తీసిన పాత ఫొటోలన్నీ బయటికి తియ్యండి. ఎప్పుడో ఒకప్పుడు ఈ రాయి ఏదో ఒక ఫొటోలో పడే ఉంటుంది. దొరికితే దారి ఖాయమవుతుంది, ముప్పు లేదని చెప్పెయ్యొచ్చు."

"అది నెలల పని సార్," అంది సహాయకురాలు.

"నా కాపురానికి అంత గడువు లేదమ్మా."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. బడికి వెళ్ళి, అందరికీ విడమరిచి చెప్పి, భార్య పరువు నిలబెడదామనుకున్నాడు. కాలిన చేతికి కట్టు కట్టుకుని, టీచర్లు కూర్చునే గదిలోకి నేరుగా వెళ్ళాడు.

"చేతికి ఏమైందండీ?" అని లెక్కల మాస్టారు అడిగారు.

"ఏం లేదు, పొద్దున్న ఇంట్లో..." అని, పెళ్ళిరోజు కాఫీ కథ చెప్పడానికి సిగ్గుపడి ఆగిపోయాడు.

టీచర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "వద్దులెండి, అర్థమైంది," అన్నారు మాస్టారు.

"నేను చెప్పొచ్చేదేమంటే, భయపడాల్సింది ఏమీ లేదు. ఢీకొట్టే అవకాశం లక్షలో ఒక వంతు కూడా లేదు."

"బొత్తిగా లేదంటారా?"

శాస్త్రవేత్తలకు ఒక జబ్బుంది. ఇల్లు తగలబడుతున్నా సరే, తేలని లెక్కను తేలిందని చెప్పరు. "బొత్తిగా లేదని ఇప్పుడే అనలేను," అన్నాడు నిజాయితీగా.

"పోనీ, వస్తే ముందుగా తెలుస్తుందా?"

"ఈ రాయి దారిని కనిపెడుతూనే ఉంటాం. కొన్నిటి సంగతి మాత్రం చెప్పలేం. సూర్యుడి వైపు నుంచి చప్పుడు చెయ్యకుండా వచ్చేస్తాయి. అప్పటిదాకా ఎంతో ప్రశాంతంగా కనిపిస్తాయి. అదే వాటితో చిక్కు."

టీచర్లందరూ బుద్ధిగా తలలూపారు. శాస్త్రవేత్త తన ఉపన్యాసం ఫలించిందని సంతోషిస్తూ బయటికి వచ్చాడు. ఆయన అటు వెళ్ళగానే లెక్కల మాస్టారు గొంతు తగ్గించారు.

"ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. పైగా శాస్త్రవేత్త. అన్ని రాళ్ళుండగా ఆ రాయికే ఆవిడ పేరు ఎందుకు పెట్టాడంటారు? పైకి చెప్పుకోలేక అలా చెప్పుకున్నాడు. ఆ కట్టు చూశారుగా."

"మేడం మనల్ని ఇంతవరకు ఒక్క మాట అనలేదండీ," అంది సంగీతం టీచరు.

"అదే అంటున్నాను. అప్పటిదాకా ప్రశాంతంగా కనిపిస్తాయట."

సంగీతం టీచరు టీ సగంలో వదిలేసి లేచింది. గంట కొట్టకముందే టీచర్లందరూ తరగతుల్లో ఉన్నారు. టీచర్ల ముఖాలు చూసి పిల్లలు బెదిరిపోయారు. ఎందుకో తెలియకపోవడంతో ఇంకా బెదిరిపోయారు. ఇంటర్వెల్లులో పదో తరగతివాళ్ళు వరండాలో ఒకరి వెనక ఒకరు నడిచారు. ఎవరో ఆవిడ గది ముందున్న పూలకుండీకి నీళ్ళు కూడా పోశారు.

మధ్యాహ్నం కమిటీ అధ్యక్షుడు కారు దిగి, చెవి ఒగ్గి విని, వాచ్‌మన్‌ను అడిగాడు. "ఇవాళ బడికి సెలవా?"

"లేదండీ, లోపల పాఠాలు జరుగుతున్నాయి."

ఆయన ఆవిడను పాత తరగతికే పంపాలని నిర్ణయించుకుని వచ్చాడు. వరండా పొడుగునా నడిచేసరికి ఆ నిర్ణయం సగం కరిగింది. గదిలో ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, ఆశ వదులుకుని కూర్చుని ఉంది.

"కూర్చోండి," అంది. ఆ మాట పూర్తయ్యేలోగా ఆయన కూర్చున్నాడు.

"పేపరు చూశానమ్మా," అన్నాడు. "మీరు మెతక అని మాకెవరో చెప్పారు."

"నాకు కోపం రాదండీ. ఇంతవరకు ఎప్పుడూ రాలేదు."

ఆవిడ తన తప్పు ఒప్పుకుంటున్నాననే అనుకుంది. ఆయనకు మాత్రం అది హెచ్చరికలా వినిపించింది. "వచ్చేదాకా ఎందుకులెండి," అని జేబులోంచి పెన్ను తీశాడు.

సాయంత్రం ఆవిడ ఇంటికి నవ్వుతూ వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది. "ఖాయం చేశారండీ. లెక్కల మాస్టారు నన్ను చూసి లేచి నిలబడ్డారు, చేతిలో సుద్దముక్క కింద పడిపోయింది. ఒక్క మాట అనకుండానే అందరూ నా మాట వింటున్నారు. ఇంత మంచి కానుక నాకెవ్వరూ ఇవ్వలేదు." ఆయన కట్టు కట్టిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. శాస్త్రవేత్తకు కళ్ళు చెమర్చాయి. ఇంత సంతోషాన్ని ఎలా సంపాదించాడో ఆయనకు తెలియలేదు గానీ, వచ్చినదాన్ని కాదనలేదు.

అప్పుడే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. విని, ఎగిరి గంతేశాడు.

"పాత ఫొటో దొరికింది. లెక్క తేలిపోయింది. ఇంకో వందేళ్ళు భూమికి దాని వల్ల ఏ ముప్పూ లేదు. నీ పేరు మీద మచ్చ లేకుండా చేశాను."

ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"పేపర్లన్నిటికీ పంపించేశాం. పొద్దున్నుంచి నేను వెంటపడబట్టే ఇంత తొందరగా అయింది."

"మిమ్మల్ని ఎవరడిగారండీ?" అని ఆవిడ కుర్చీలో కూలబడింది. "కనీసం పరీక్షలయ్యేదాకా ఆగలేకపోయారా?"

మర్నాడు పొద్దున ఆవిడ అంగట్లో దొరికిన పేపర్లన్నీ కొనుక్కొచ్చి, మొదటి పేజీ నుంచి ఇల్లు అద్దెకివ్వబడును ప్రకటనల దాకా వేలు పెట్టి వెతికింది. ఆయన వెనకాల నిలబడి ఆవిడ భుజం మీదుగా తొంగిచూశాడు.

భూమికి ముప్పు లేదన్న వార్తను ఒక్క పేపరూ వెయ్యలేదు.