ఎనిమిది పెట్టెల ప్రేమ

భార్యకు పదిగంటలకు వీడియోలో ఇంటర్వ్యూ ఉంది కనుక ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చిన్నదే. ఆవిడ లాప్‌టాప్‌కి సిగ్నల్ సరిచూసి, తను పక్కకు తప్పుకోవడం. తప్పుకుని ఉంటే ఈ కథే లేదు.

ఆయనది వైర్‌లెస్ పరిశోధన. ఒక్కో టవరు తన హద్దులో ఉన్నవాళ్ళను మాత్రం చూసుకోవడం పాత పద్ధతి. హద్దులు చెరిపేసి, అక్కడక్కడా బిగించిన చిన్న పెట్టెలన్నీ చేయీ చేయీ కలిపి అందరినీ చూసుకోవడం కొత్త పద్ధతి. ప్రయోగానికని ఇంట్లోనే ఎనిమిది పెట్టెలు బిగించాడు. ఏ ఫోనుకైనా దగ్గరున్న రెండు పెట్టెలే కేటాయించాలనీ, అన్నీ అందరికీ ఇస్తే ఎవరికీ ఏమీ అందదనీ ఆఫీసులో కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదీ ఆయనే.

కానీ ఇది మామూలు ఇంటర్వ్యూ కాదు. ఆయన బదిలీ కోసం ఆవిడ ఆసుపత్రి ఉద్యోగం వదులుకుని ఆరేళ్ళయింది. ఇప్పుడు దొరికే అవకాశమున్నది నర్సులకు డ్యూటీలు వేసే పెద్ద కొలువు. "ఇదీ రాకపోతే ఇంక ప్రయత్నించనండీ" అని నిన్న ఆవిడ చాలా మామూలుగా అంది. ఆ మామూలుతనమే ఆయన్ని తినేసింది. మనసులో ముల్లు గుచ్చుకున్న మొగుడికి చదివిన చదువు గుర్తురాదు. భార్య లాప్‌టాప్‌కి ఎనిమిది పెట్టెలూ రాసిచ్చేశాడు.

ఆ ముక్క కడుపులో దాచుకున్నా బాగుండేది. కాఫీ తాగుతూ గొప్పగా చెప్పాడు.

"నీ పెళ్ళానికి ఎనిమిదీ, నన్ను మాత్రం రెంటితో సరిపెట్టుకోమంటావురా?" అంది తల్లి, అక్కగారితో వీడియోలో మాట్లాడుతున్నదల్లా ఆగి.

"అడగవే, గట్టిగా అడుగు!" అంది ఫోనులోంచి పెద్దమ్మ.

"అయితే నా ఫోను చదరంగానికీ ఎనిమిది పడెయ్యి" అన్నాడు తండ్రి. మేడ మీద సినిమా చూస్తున్న తమ్ముడు, "అన్నయ్యా, నేనేం పాపం చేశాను?" అని కేకేశాడు.

"పోనీ, ఆ గంటా మేం ఫోన్లు ఆపేస్తాంలేరా" అని తల్లే ఒక మెట్టు దిగింది. అక్కడైనా ఒప్పుకోవాల్సింది. "ఆపడమెందుకమ్మా? నా పెట్టెలున్నది ఎందుకు?" అని ఇంటిల్లిపాదికీ ఎనిమిదేసి రాసిచ్చి, ధర్మప్రభువులా నవ్వాడు.

పదిగంటలకు ఇంటర్వ్యూ మొదలైంది. మొదటి ప్రశ్న పూర్తికాకుండానే తెరమీద ముగ్గురు పెద్దలూ నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే నిలిచిపోయారు. ఆవిడ మొహంలో రంగు పోయింది.

అంతే, ఇల్లంతా సాయానికి ఉరికింది. తండ్రి ఒక పెట్టె ఆర్పి వెలిగించాడు. తమ్ముడు ఇంకో పెట్టెను పీకి తెచ్చి వదినగారి బల్లమీద పెట్టాడు. తల్లి మూడోదాన్ని గుడ్డతో తుడిచింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇంజనీరు కంగారులో అందరి కేటాయింపులూ చెరిపి, మళ్ళీ ఎనిమిదేసే రాశాడు. పదిమందిలో పాము చావదంటారు. ఇక్కడ పెట్టెల సంగతీ అంతే, మనుషుల సంగతీ అంతే.

"లైను పోయిందిగా. అందరూ ఒక్క నిమిషం నిలబడండి" అంది ఆవిడ లేచి. గొంతు పెంచలేదు, అయినా అందరూ ఆగారు. "అత్తయ్యా, మీకు వంటింటివి రెండూ."

"రెండేనా?"

"ఆ రెండూ మీవే. మీ పక్కనే ఉంటాయి, మీ మాట ముందు వింటాయి. ఎక్కడో వరండాలో ఉన్న పెట్టె మీకోసం అరిస్తే మీకు అందదు, నాకు మాత్రం చెవులు పగులుతాయి. మామయ్యగారూ, వరండావి మీవి. ఆ పీకి తెచ్చింది మళ్ళీ బిగించి నువ్వు మేడమీదవి తీసుకో, బాబూ. ఏమండీ, నాకు ఈ గదివి రెండు చాలు. తక్కినవి తీసెయ్యండి."

"నీకు తక్కువవుతుందేమోనని..." అన్నాడాయన దీనంగా.

"తెలుసండీ. అందుకే కోపం రావట్లేదు."

ఆవిడ చెప్పినట్టే చేశాడు. తెరమీద పెద్దల నోళ్ళు మూతపడ్డాయి.

"క్షమించాలండీ, లైను పోయింది" అని ఆవిడ కూర్చుంటుంటే, మధ్యనున్న పెద్దడాక్టరు తల అడ్డంగా ఊపింది. "బొమ్మే ఆగిందమ్మా. మీ ఇంటి మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. రోగులందరూ ఒకేసారి పిలిస్తే ఉన్న నర్సుల్ని ఎలా సర్దుతారని అడగబోయాం. ఇంక అడగక్కర్లేదు. ఆ అత్తగారిని రెంటికి ఒప్పించిన మాట మాత్రం ఇంకోసారి చెప్పండి, మా వార్డుల్లో పనికొస్తుంది."

ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో పెట్టెల కేటాయింపు కూడా ఆవిడ చేతికి వెళ్ళింది. ఇంజనీరుకు వరండాలో పెట్టె ఒక్కటి దక్కింది, అదీ తండ్రి చదరంగం ఆడని వేళల్లో.