నూరో బాంబు

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు జమ్మలమడుగులో శాంతి నెలకొంటుందని మంత్రిగారు ప్రొద్దుటూరు గెస్ట్‌హౌస్‌లో విలేకరులకు ప్రకటించారు. నాలుగున్నరకు రాహుకాలం మొదలవుతుంది కాబట్టి శాంతికి ఇరవై నిమిషాలు కేటాయించారు. ఇరవై ఏళ్లుగా ఒకరినొకరు నరుక్కుంటున్న మిట్టూరు, వంకూరు వర్గాలు తమ నాటుబాంబులు సరిగ్గా నూరు తెచ్చి ప్రభుత్వానికి అప్పగిస్తాయనీ, వాటిని జనం కళ్లముందే నీళ్లలో వేసి నిర్వీర్యం చేస్తామనీ సెలవిచ్చారు.

"సరిగ్గా నూరే ఉన్నాయని ఎట్లా తెలిసింది సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"కరపత్రాలు అచ్చయిపోయినాయి" అన్నారు మంత్రిగారు. అంతటి ముందుచూపు అందరికీ రాదు.

శనివారం మధ్యాహ్నానికి మిట్టూరు ఎస్సై జియావుల్లా లెక్క చూసుకుంటే తొంభై తొమ్మిదే తేలాయి. మిట్టూరు పెద్దాయన యాభై పంపాడు. వంకూరు పెద్దాయన నలభై తొమ్మిది పంపి, మిగతాది మొన్న మంగళవారం వాడుకున్నామని నిజాయితీగా చీటీ రాసిచ్చాడు. ఇంకొక్కటి ఇప్పించమని ఎస్సై మిట్టూరు పెద్దాయనను బతిమాలాడు. "వాని కంటే రెండు ఎక్కువిచ్చినామంటే రేపు ఊర్లో మా మర్యాద ఏం గావాల?" అని ఆయన న్యాయమైన ప్రశ్న వేశాడు.

ఆ దిగులుతోనే ఎస్సై సభ జరగబోయే సత్యశోధన జూనియర్ కాలేజీకి వచ్చాడు. శామియానా పులివెందుల నుంచి వచ్చింది. బాంబులు వెయ్యడానికి మనిషి కూర్చుని స్నానం చేసేంత ఇత్తడి గంగాళం ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. దానికి పసుపు కుంకుమ పెట్టి మామిడాకులు కట్టారు. అన్నీ ఉన్నాయి, ఒక బాంబు తప్ప. ఎస్సై మంచినీళ్ల కోసం కెమిస్ట్రీ ల్యాబులోకి తొంగి చూశాడు. అలమరలో ఒక సీసా మీద పుర్రె బొమ్మ కనిపించింది.

ఆ అలమర దేవపాలుది. ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబుకు అతనే అసిస్టెంటు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తేగాని ఇంటికి పోడు. అతని సర్వీసులో ఒక్క పిల్లకు చెయ్యి కాలలేదు. ఆస్తి ఏముందని ఎవరైనా అడిగితే అతను చెప్పుకునేది అదొక్కటే.

"ఏందప్పా అది?" అన్నాడు ఎస్సై.

ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి ఆఫీసరు ఇతనే. దేవపాలు సంతోషం పట్టలేకపోయాడు. "సోడియం సార్. లోహమే గానీ సబ్బుబిళ్ల మాదిరి కత్తితో కోయొచ్చు. గాలి గూడా తగలకుండా కిరసనాయిల్లో మునిగుండాల. తడిచేత్తో ముట్టుకోగూడదు. పిల్లోళ్లకు చూపించాలంటే కందిబేడంత ముక్క చాలు. అంటుకుంటే పొడి ఇసకే పొయ్యాల, నీళ్లు మాత్రం..."

"పేల్తాదా?"

"నీళ్లు తగిలితే పేల్తాది సార్."

"చాలప్పా" అన్నాడు ఎస్సై. అతని ముఖంలో వారం రోజుల తర్వాత రక్తం కనిపించింది. "నూరోది దొరికిండాది."

దేవపాలుకు విషయం అర్థమయ్యేసరికి సీసా ఎస్సై చంకలో ఉంది. "సార్, దీన్ని నీళ్లలో యెయ్యగూడదు సార్. అదే గదా చెప్తాండేది."

"బాంబును నీళ్లలో యెయ్యక పాయసంలో యేస్తారా?" ఎస్సై నొచ్చుకున్నాడు. "పద్నాలుగేండ్ల సర్వీసప్పా నాది. ఎన్ని బాంబులు బక్కెట్లో యేసింటానో నీకు తెలుసునా? తడిసిందంటే యెంత బాంబయినా సచ్చిపోతాది. నువ్వు పుస్తకంలో సదివింటావు. మేం చేసి చూసినాం."

దేవపాలు ప్రిన్సిపాలు సుందరం దగ్గరికి పరుగెత్తాడు. మంత్రిగారు వాడుకున్న సోడియమంటే కాలేజీకి ఎంత గౌరవమో ఆలోచించమని సుందరం అతన్ని మందలించి, సీసా ఇచ్చినట్టు కాగితం మీద దేవపాలు చేతనే సంతకం పెట్టించాడు.

ఆదివారం దేవపాలు రెండు బక్కెట్ల పొడి ఇసుకతో మూడు గంటలకే మైదానం చేరాడు. గంగాళం చుట్టూ ముందు వరసల్లో కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టారు. శాంతి అనగానే పిల్లలు ఉండాలని మంత్రిగారి పి.ఏ. చెప్పాడట. మొదటి వరసలో, గంగాళానికి రెండు గజాల దూరంలో, ప్రాక్టికల్స్‌లో ఎప్పుడూ చేతులు తుడుచుకుని గాని సీసా ముట్టని మెహబూబున్నీసా కూర్చుని ఉంది. దేవపాలు ఇసుక బక్కెట్లు కింద పెట్టాడు.

ప్రమాదం గురించి చెప్పి లాభం లేదని అతనికి నిన్ననే తెలిసింది. ఎస్సై దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు: "సార్, పిల్లోళ్లు ముందర కూచుంటే పేపరు ఫొటోలో పెద్దాయనోళ్లు పడరేమో."

రెండు నిమిషాల్లో పిల్లలంతా మైదానం అవతలి గోడ దగ్గర ఉన్నారు.

"ఇంగొకటి సార్. మంత్రిగారు వంగి చేత్తో యేస్తే యెనక జనానికి వీపే కనపడతాది. గంగాళం అంచు మీద పళ్లెంలో పెట్టి, పళ్లేనికి తాడు కట్టి స్టేజీ మీంచి లాగితే జెండా యెగరేసినట్టు హుందాగా ఉంటాది."

"నీకు శానా తెలివుందప్పా" అన్నాడు ఎస్సై. "ఈడెందుకు పడుండావు?"

నాలుగు గంటలకు పెద్దాయనలిద్దరూ వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా కౌగిలించుకున్నారు. వంతులవారీగా తొంభై తొమ్మిది బాంబులు, పురికొస చుట్టిన ఉండలు, గంగాళంలో పడ్డాయి. ఒక్కటీ పేలలేదు. నీళ్ల మహిమకు జనం చప్పట్లు కొట్టారు. ఎస్సై దేవపాలు వైపు చూసి నవ్వాడు. తర్వాత నూరోది పళ్లెంలో పెట్టారు. సబ్బుబిళ్లంత ముద్ద, చుట్టూ బంతిపూలు.

"కిరసనాయిలు యాడ సార్?" అన్నాడు దేవపాలు.

"పారబోసినా. కిరసనాయిలు అంటుకుంటాది గదప్పా, సభలో ప్రమాదం" అన్నాడు ఎస్సై. భద్రతా చర్యల్లో అతనికి లోపం పట్టడానికి లేదు.

సరిగ్గా నాలుగు గంటల పది నిమిషాలకు మంత్రిగారు స్టేజీ మీదినుంచి తాడు లాగారు.

ముందు బుస్సుమంది. పసుపు మంట లేచింది. తర్వాత వచ్చిన చప్పుడు వేంపల్లెలో కూడా వినిపించిందని కొందరంటారు, అది అతిశయోక్తి. గంగాళం పగిలి రెండు చెక్కలైంది. శామియానా ఒక మూల అంటుకుంటే దేవపాలు ఇసుక పోసి ఆర్పాడు. మంత్రిగారు నిలువునా తడిశారు, కనుబొమలు కొంచెం తగ్గాయి. ఉపన్యాసం అచ్చులో ఉంది కాబట్టి మైకు అందుకుని "ఈ విధంగా శాంతి నెలకొన్నది" అని చదివారు. పిల్లలు గోడ దగ్గరినుంచి చూశారు. ఒక్కరికీ గీత కూడా పడలేదు. దేవపాలు వాళ్లను మూడుసార్లు లెక్కపెట్టి నేలమీద కూలబడి ఏడ్చాడు.

అప్పుడే మైదానమంతా పురికొస ఉండలు విచ్చుకుని పడి ఉండటం అందరూ చూశారు. యాభై ఉండల్లో పెన్నా ఇసుక, నలభై తొమ్మిదింట్లో వడ్ల ఊక. పెద్దాయనలిద్దరూ ఇసుక వైపు, ఊక వైపు చూశారు. ఆ రోజు మొదటిసారి ఒకరి ముఖం ఒకరు కూడా చూసుకున్నారు. తర్వాత ఎవరి జీపు వాళ్లు ఎక్కారు.

చట్టం తన పని తాను చేసుకుపోయింది. పేలనివి బాంబులు కావు కాబట్టి తొంభై తొమ్మిదింటి మీద కేసు లేదు. పేలింది ఒక్కటి. అది ఎవరి దగ్గరినుంచి వచ్చిందో సంతకంతో సహా కాగితం ఉంది. తాలూకా మొత్తం మీద బాంబు ఉన్న మనిషి దేవపాలు ఒక్కడేనని తేలి, ఆ రాత్రే అతన్ని లాకప్‌లో వేశారు. ఇలాంటి వాళ్ల వల్లే ఈ ప్రాంతానికి చెడ్డపేరని పెద్దాయనలిద్దరూ తమ జీవితంలో మొదటిసారి ఒకే ప్రకటన మీద సంతకం పెట్టారు.

సోమవారం పొద్దున పది గంటలకు మిట్టూరు స్టేషను ముందు రెండు జీపులు ఆగాయి. ఇద్దరు ప్లీడర్లు లాకప్ దగ్గరికి వచ్చారు.

"బెయిలు మా పెద్దాయన ఇస్తాడప్పా" అన్నాడు మిట్టూరు ప్లీడరు. "మా తోటలో నీకు కొత్త ల్యాబు కట్టిస్తాడు. కిరసనాయిలు రెండు డ్రమ్ములు అప్పుడే దించినాం."

"నీ ప్రార్థనకు మా ఊర్లో చర్చి గూడా ఉండాది మామా" అన్నాడు వంకూరు ప్లీడరు. "కందిబేడంత కాదు, గుమ్మడికాయంత కావాల్నంటాండు మా పెద్దాయన."

ఎస్సై జియావుల్లా తాళంచెవులతో వచ్చి కటకటాల తలుపు తీశాడు. ఒక్క రోజులో అతని గొంతులో ఎంతో మర్యాద చేరింది. "ఎవరి బెయిలు మీద పోతావో నువ్వే చెప్పప్పా."

దేవపాలు లేచి గుమ్మం దాకా వచ్చాడు. రెండు జీపుల వైపూ చూశాడు. వెనక్కి తగ్గి తలుపు తనే దగ్గరికి లాక్కున్నాడు.

"తాళం ఎయ్యండి సార్" అన్నాడు.

ఎస్సై అయోమయంగానే తాళం వేశాడు. దేవపాలు ఊచల సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు.