గేమ్ పెట్టెకు వెల్వెట్టు కవరు

ఆ మే నెల ఆదివారం పొద్దున రాఘవేంద్రప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉగ్గాని తినాలి, గేమ్ పెట్టె బాగు చేయించాలి, నాలుగు గంటల రైలుకు డోన్ నుంచి వచ్చే బావమరది ప్రదీప్‌కుమార్ చేతిలో పెట్టాలి. కర్నూలులో బట్టల కొట్టు నడిపే మనిషికి ఇదొక పనా? పనే అయింది, ఖర్మ.

ప్రదీప్ నెలనెలా డబ్బు మిగుల్చుకుని కొన్న, టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె అది. డోన్‌లో రూము దొరికేదాకా ఉంచమని అక్క ఇంట్లో పెట్టి, "బావా, నా ప్రాణం ఈడ పెట్టి పోతాండా. ఇది చెడిపోతే మన ఇద్దరికీ మాటల్లేవు" అన్నాడు. బావ ముట్టకుండా ఉంటే ఏ గొడవా లేదు. కానీ నలభై మూడేళ్ల వయసులో ఆయనకు అందులోని కారు పందేల పిచ్చి పట్టింది. వారం నుంచి ఆట మొదలైన అరగంటకల్లా పెట్టె కుంపటిలా కాలిపోయి, లోపలి ఫ్యాను రొప్పి రొప్పి, ఎర్రలైటు వెలిగి ఆరిపోతోంది.

ఇక్కడ ఆయన తల్లి రాజ్యలక్ష్మమ్మ సంగతి చెప్పాలి. ఇంట్లో ఏ వస్తువైనా ఒంటిమీద బట్ట లేకుండా ఉంటే ఆమెకు గిట్టదు. టీవీకి కవరు, మిక్సీకి కవరు, ఫోనుకు కుచ్చుల కవరు. కొట్లో మిగిలిన ముక్కలన్నీ ఆమె కుట్టుమిషను కిందికే. గేమ్ పెట్టెకైతే ఎర్ర వెల్వెట్టు, జరీ అంచు. వైర్లకు మాత్రం చిన్న కన్నం వదిలింది. ఒకసారి కోడలు ఫ్రిజ్ కవరు తీసేస్తే ఈమె రెండు రోజులు అన్నం ముట్టలేదు.

కొడుకు పెట్టెను చంకన పెట్టుకుని షేర్ ఆటోలో కల్లూరు బయల్దేరుతుంటే ఆమె కవరు విప్పి దాచింది. "ఈ దుమ్ములో మురికైతాది నాయనా."

కల్లూరులో రిపేరు షాపు ఓబన్న ఫ్యాను ఊడదీసి, బ్రష్షుతో తుడిచి, చుక్క నూనె వేశాడు. రేకుల షెడ్డు కింద గంటసేపు ఆడించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. "బ్రహ్మాండంగా ఉండాది, తీస్కపో సేటూ" అన్నాడు. ఇంటికి రాగానే రాజ్యలక్ష్మమ్మ కవరు తొడిగింది. ఇరవై నిమిషాలకు ఎర్రలైటు.

మళ్లీ కల్లూరు. మళ్లీ గంట ఆట. "పెట్టెలో ఏం లోపం లేదప్పా, మీ ఇంటి కరెంటే సరిగ్గా లేదు" అన్నాడు ఓబన్న. రాఘవేంద్రప్రసాద్ వెంటనే స్టెబిలైజర్ కొన్నాడు. అయినా పెట్టె ఆరిపోయింది. కూలర్ తెచ్చి ఎదురుగా పెట్టాడు. ఆ గాలికి జరీ అంచు హాయిగా ఊగింది, పెట్టె మాత్రం ఆరిపోయింది. "తూర్పు ముఖం పెట్టు నాయనా" అంది తల్లి. పెట్టె తూర్పుకు తిరిగి మరీ ఆరిపోయింది. రాఘవేంద్రప్రసాద్‌కు ఏడుపొక్కటే తక్కువ.

మూడు గంటలకు కాళ్లావేళ్లా పడి ఓబన్నను ఇంటికే తీసుకొచ్చాడు. ఓబన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అదేంది సేటూ?"

"ఏది?"

"ఆ ఎర్రది."

"కవరు. దుమ్ము పడకుండా."

"ఆడేటప్పుడు గూడా ఉంటాదా?"

"ఎప్పుడూ ఉంటాది."

ఓబన్న తల పట్టుకుని కూలబడ్డాడు. "మే నెలలో మనిషికి రగ్గు కప్పి, చెమట ఎందుకు పోస్తాండాదని పొద్దున్నుంచి నన్ను అడుగుతాండావు గదప్పా!"

తల్లితో ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆమె వంటింట్లో ఉండగా రాఘవేంద్రప్రసాద్ కవరును బీరువాలో చీరల కింద దోపేశాడు.

ప్రదీప్ వచ్చాడు. గంటన్నర ఆడాడు. పెట్టె కిక్కురుమనలేదు. "నాకంటే బాగా చూస్కున్నావు బావా!" అని కౌగలించుకున్నాడు. బావకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బతికిపోయాననుకుంటూ ఆటో కోసం వీధి చివరికి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో పెట్టె సిద్ధంగా ఉంది, వెల్వెట్టు తొడుక్కుని, కుంకుమ బొట్టు పెట్టుకుని.

"నెల్లాళ్లు మన ఇంట్లో ఉన్నది, కొత్త బట్ట పెట్టకుండా ఎట్ల పంపేది?" అంది రాజ్యలక్ష్మమ్మ. "ఎవరో చీరల కింద పడేసినారు. ఇస్త్రీ చేసి తొడిగినా."

"శానా బాగుండాది అత్తా, తీయనే తీయను" అన్నాడు ప్రదీప్.

రాఘవేంద్రప్రసాద్ నోరు తెరిచాడు. ఫ్రిజ్ నాటి రెండు రోజుల పస్తు గుర్తొచ్చి మూసేశాడు. ఆటో కదిలింది.

సోమవారం పొద్దున్నే ఫోను మోగింది. "అరగంటకే ఆరిపోతాండాది బావా! నిజం చెప్పు, మీ ఇంట్లో ఏం చేసినారు దీన్ని? వద్దులే, ఇంగ నాతో మాట్లాడొద్దు!" అని అవతల పెట్టేశాడు.

"ఏమంటాండాడు నాయనా?" తల్లి పక్కనే నిలబడి అడిగింది. "కవరు సరిపోయిందంటనా?"

"సరిపోయిందంటమ్మా."

రాఘవేంద్రప్రసాద్ ఫోను పెట్టేసి, దాని కవరు కుచ్చులు సరిచేశాడు.