సున్నా పొగ, నలభై దుప్పట్లు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా వీధిలో గాలి పరిశుభ్రమైంది. పదకొండు ఇరవై అయిదుకు మళ్లీ మామూలైంది. మధ్యనున్న పదిహేను నిమిషాలూ ప్రభుత్వ రికార్డులో ఉన్నాయి.

వీధి చివర నూనెతో నడిచే చిన్న కరెంటు ప్లాంటు ఉంది. ఒక ఇంజను, ఒక పొగగొట్టం. మూడు వీధులకు కరెంటు అక్కణ్నుంచే. ఇంజను మొదలైనప్పుడు వచ్చే తొలి పొగలో మసి ఎక్కువ. రోజూ పొద్దున ఆరింటికి మొదలుపెడతారు కనుక ప్లాంటు ఎదురింటి లాండ్రీ ఆవిడ ఏడు దాటాకే ఆసుపత్రి దుప్పట్లు డాబా మీద ఆరేస్తుంది. పోయిన వారం ఇంజను పట్టపగలు రెండుసార్లు ఆగి మొదలైంది. పన్నెండు దుప్పట్లు మసి చుక్కలతో వెనక్కి వచ్చాయి. ఇంకొక్క చుక్క కనిపిస్తే పని వేరేవాళ్లకిస్తామని ఆసుపత్రి చెప్పింది. ఆవిడ పొగ మీద ఫిర్యాదు చేసింది.

పొగ కొలతల అధికారి తెల్లచొక్కా వేసుకుని, మీటరు పట్టుకుని వచ్చారు. నిబంధన ప్రకారం అధికారి పొగగొట్టం నిచ్చెన ఎక్కేముందు ఇంజను ఆపాలి. (పొగ అధికారుల ఆరోగ్యానికి మంచిది కాదు.)

"ఇంజను ఆపితే పొగెక్కడిది సార్?" అన్నాడు ప్లాంటు ఆపరేటరు.

"ఉందో లేదో తేల్చడానికేగా నేనొచ్చింది?"

లాండ్రీ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "బాబ్బాబు, ఆపితే మళ్లీ మొదలెట్టాలి. పైన నలభై దుప్పట్లున్నాయి. తీసేదాకా ఆగండి."

"పరీక్ష అయ్యేదాకా పరిసరాల్లో ఏ మార్పూ చేయకూడదమ్మా. దుప్పట్లూ పరిసరాలే."

ఆవిడ అత్త డాబా మీంచి తొంగిచూసింది. "పొయ్యి ఆర్పేసి ఎసరు మరిగిందా అని చూసే రకంలా ఉన్నాడే కోడలా!"

"ఊరుకోండత్తయ్యా, ఆయనకి వినపడుతుంది."

"వినపడాలనే అంటున్నా."

ఇంజను ఆగింది. పొగ ఆగింది. కరెంటు పోయింది. మీటరు కరెంటుతో నడుస్తుంది. (బ్యాటరీ పెట్టే చోటు ఉంది. బ్యాటరీ విషయం పరిశీలనలో ఉంది.) అధికారి నిచ్చెనెక్కి మీటరును పొగగొట్టంలో పెట్టారు. అంకె రాలేదు. అంకె రానిచోట సున్నా వేయాలని ఫారం అడుగున ఉంది. కిందికి దిగి సున్నా వేశారు. ఆపరేటరు సాక్షి సంతకం చేశాడు.

పదకొండు ఇరవై అయిదుకు ఇంజను మొదలైంది. గాలి డాబా వైపు వీస్తోంది. అధికారి అప్పుడే గేటు దాటి డాబా కింద నడుస్తున్నారు.

ఆవిడ పైకి పరుగెత్తి, ఒక దుప్పటి తెచ్చి ఆయన ముందు పరిచింది. "ఇదిగో, లెక్కపెట్టుకోండి!"

"దుప్పటి గుర్తింపు పొందిన పరికరం కాదమ్మా," అన్నారు అధికారి. "పైగా ఇది పరీక్ష తర్వాతి పొగ."

గురువారం ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. అధికారి నివేదిక నకలు దానికి జతచేసి ఉంది. గాలిలో పొగ సున్నా అని నిర్ధారణ అయినందున, చుక్కలు ఉతకడంలోనే పడుతున్నట్టు భావిస్తున్నామని రాశారు. దుప్పట్ల పని ఆ రోజే వేరేవాళ్లకు వెళ్లింది.

శుక్రవారం లాండ్రీకి ఒకే ఒక బట్ట వచ్చింది. తెల్లచొక్కా. జేబుకు గుచ్చిన చీటీ మీద, నివేదికలో ఉన్న చేతిరాతతోనే, ఇలా ఉంది: "భుజాల మీద నల్ల చుక్కలు. కారణం తెలియదు. అర్జెంటు."