కాస్త జరగండి, వెలుతురుకి అడ్డం!

మీ ఇంట్లో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా? లేరా? అయితే మీది ఇల్లు కాదు, ఒట్టి నాలుగు గోడలు! ఈ మాట గట్టిగానే అంటున్నాను. నేనేదీ మెల్లగా అనలేనని మా వీధి వీధంతా చెబుతుంది.

మా ఆవిడ ఆ మధ్య ఒక కెమెరా కొనుక్కుని ఆదివారం క్లాసులో చేరింది. ఆనాటి నుంచి మా కాపురం క్యాప్చర్‌పురం అయిపోయింది. షట్టరు ఆవిడది, షటప్పు నాది. ఆ కెమెరా ముందు ఒక్కసారి కూర్చోవాలన్న ముచ్చట తీరలేదు గానీ, అది తప్ప నాకు ఏ లోటూ లేదు.

ఇదివరకు కాఫీ పొగలు కక్కుతుండగానే గొంతులో పోసుకుని నాలుక కాల్చుకునేవాణ్ని. ఇప్పుడా ప్రమాదం లేదు! కప్పు బల్ల మీదకి రాగానే "ముట్టుకోకండి, పొగ అందంగా వస్తోంది" అంటుంది. ఆ అందం పూర్తిగా ఆవిరయ్యాక కప్పు నాది. నా నాలుక ఇంత ఆరోగ్యంగా ఎన్నడూ లేదు. వాడుకునే అవకాశమే తక్కువ!

వంటింటి కిటికీ మూల సాలీడు గూడు కట్టింది. చీపురు ఎత్తానో లేదో మా ఆవిడ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టేసుకుంది. "అయ్యయ్యో, ఆ టెక్స్‌చర్ చూడండి!" పని చెయ్యబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపడం మీలో ఎంతమందికి దక్కిన భాగ్యం? ఆ సాలీడుకి ఇప్పుడు మా పెళ్లి ఆల్బమ్‌ కంటే లావుపాటి ఆల్బమ్‌ ఉంది.

బాత్రూములో కుళాయి కారుతోందని ప్లంబర్‌ని పిలిచాను. వచ్చాడు. రెంచీ తీశాడు. "ఒక్క నిమిషం బాబూ, ఈ చుక్క జారేటప్పుడు పట్టుకోవాలి" అంది మా ఆవిడ. చుక్క దొరకలేదు. ఇంకో చుక్క, ఇంకో చుక్క. చివరికి ప్లంబరే విసిగిపోయి, "అమ్మా, అటు పక్క నుంచి తియ్యండి, మెరుస్తుంది" అన్నాడు. మెరిసింది! ఆ సంతోషంలో రెంచీ భుజాన పెట్టించి అతనికీ ఒక ఫొటో తీసింది. అతను మురిసిపోతూ వెళ్లిపోయాడు. కుళాయి కారుతూనే ఉంది. కానివ్వండి, కళ కారుతోందనుకుంటాను.

వెనకాల తువ్వాలు పట్టుకుని నిలబడ్డ నేను కూడా ఆ ఫొటోలో ఉన్నాను. చిన్న పొగమంచులా. "బ్యాక్‌గ్రౌండ్‌ భలే బ్లర్‌ అయింది!" అని క్లాసువాళ్లందరూ మెచ్చుకున్నారట.

చుట్టాల బెడద చెప్పనక్కర్లేదు, తీరిపోయింది! వారం ఉందామని పెట్టెలతో దిగిన మా బావమరిదికి రాత్రి భోజనమయ్యాక మా ఆవిడ సాలీడు ఆల్బమ్‌ మొదటి పేజీ నుంచి చూపించింది. సగంలోనే అతనికి ఆఫీసులో అత్యవసరమైన పని గుర్తొచ్చింది. తెల్లారేసరికి లేడు. ఇంతకంటే మర్యాదగా చుట్టాన్ని సాగనంపే యంత్రాన్ని ఎవరైనా కనిపెట్టారా?

నా జ్ఞానమూ పెరిగింది. అపర్చర్‌ చూసుకోకుండా నొక్కడం అపచారమని తెలుసుకున్నాను. ఉద్యోగమూ దొరికింది. తెల్లటి థర్మాకోల్‌ అట్ట పట్టుకుని, కిటికీ వెలుతురును అవతలివాళ్ల మొహం మీదకి తిప్పడం. నా మీద పడితే మాత్రం, "ఏమండీ, కాస్త జరగండి, వెలుతురుకి అడ్డం!"

మొన్న క్లాసు మాస్టారు పోర్ట్రెయిట్‌ తెమ్మన్నారట. "అనుభవం కనిపించే మొహం కావాలి" అన్నారట. నాకంటే అనుభవం ఎవరికుంది? ఆవిడతో కాపురం చేస్తున్నవాణ్ని! జుట్టుకి రంగేశాను. చొక్కా ఇస్త్రీ చేశాను. నాది పోర్ట్రెయిట్‌ కాదు, పొట్ట్రెయిట్‌ అవుతుందని తెలిసి పొట్ట లోపలికి లాగడం సాధన చేశాను.

ఆదివారం పొద్దున పిలుపొచ్చింది. "ఏమండీ, ఇలా వచ్చి స్టూలు మీద కూర్చోండి."

కూర్చున్నాను. గడ్డం కింద వేలు పెట్టి నా మొహం కిటికీ వైపు తిప్పింది. వెనక్కి వెళ్లి చూసింది. దగ్గరికొచ్చి చూసింది. వంగి చూసింది. వంకాయలు ఏరేటప్పుడు కూడా అంతసేపు చూడదు!

"ఏమండీ, మీ ఎడమ కనుబొమ్మ మీద ఈ మచ్చ ఎప్పుడు పడింది?"

"పెళ్లికి ముందే."

"నిజంగానా!" కెమెరా దించేసింది. ఉత్త కళ్లతో చూసింది. వేలితో మచ్చని తడిమింది. "ఎలా తగిలింది?"

"చిన్నప్పుడు గోడ దూకుతూ..." అని మొదలుపెట్టాను. నాకు తెలియకుండానే గొంతు మెల్లగా వచ్చింది.

అంతలో లోపలి గదిలోంచి మా అత్తగారు చీర చెంగు సర్దుకుంటూ వచ్చారు.

"రామ్మా, లైటు సరిపోయింది" అంది మా ఆవిడ వాళ్లమ్మతో. "ఏమండీ, లేవండి లేవండి."

విషయం తమకీ అర్థమైందిగా! ఫొటో అత్తగారిది. వెలుతురు సరిచూసుకోవడానికి నా మొహం.

"అల్లుడుగారిని కూడా ఒకటి తియ్యవే, పాపం తయారై కూర్చున్నారు" అన్నారు అత్తగారు.

"ఆయనెక్కడికి పోతారమ్మా! ఇంట్లోనే ఉంటారుగా, ఎప్పుడైనా తియ్యొచ్చు."

నేను లేచి థర్మాకోల్‌ అట్ట అందుకున్నాను. పొట్ట వదిలేశాను.

అత్తగారి ఫొటో అద్భుతంగా వచ్చింది. మొహం మీద వెలుతురు ఎంత చక్కగా పడిందో చూడండంటూ మాస్టారు క్లాసంతటికీ చూపించారట. నా టెస్టు ఫొటోలేవని అడిగాను. "టెస్టువి ఎవరైనా దాచుకుంటారా!" అంది.

అందుకే మళ్లీ చెబుతున్నాను, అయ్యలారా! మీ ఆవిడకి కెమెరా కొనిపెట్టండి. ఒకే ఇంట్లో ఉన్న మొహాన్ని చూడటానికి కెమెరా ఎందుకని మాత్రం నన్ను అడక్కండి. అడిగితే సమాధానం చెప్పాల్సొస్తుంది.

వచ్చే ఆదివారం మా ఆవిడ మా వదినని ఫొటో తీస్తుందట. ఆ రోజు ఎవరూ పిలవకముందే నేను వెళ్లి ఆ స్టూలు మీద కూర్చుంటాను. లైటు చూసుకోవాలి కదా! పైగా, గోడ ఇంకా పూర్తిగా దూకనే లేదు.